మొదటి లాగుడు

రెండు చొక్కాలు, ఒక ప్యాంటు, తువ్వాలు, సబ్బుముక్క, మాత్రల పొట్లం. సంచిలో పెట్టినవన్నీ అక్క మళ్లీ తీసి మంచం మీద పరిచింది, లెక్క చూసుకుంది, మళ్లీ పెట్టింది. ఎక్స్‌రే కవరు మాత్రం ఎటు పెట్టినా పట్టడం లేదు. నిలువుగా పెడితే సగం బయటికి నిక్కుతోంది. అడ్డంగా పెడితే జిప్పు పడటం లేదు. మడుద్దామంటే లోపల ఫిల్ము విరుగుతుందని భయం.

మిల్లులో మధ్యాహ్నం తిండికి ఇచ్చే అరగంటలో ఇంటికి పరిగెత్తుకొచ్చింది ఆవిడ. అందులో పదిహేను నిమిషాలు అప్పుడే అయిపోయాయి. ఉత్తరం పన్నెండు గంటలకు గేటు గుమాస్తా చేతికిచ్చాడు. రేపు ఉదయం తొమ్మిదింటికి తమ్ముడు పరీక్షగదికి హాజరు కావాలట. రాకపోతే పని చేయడానికి ఇష్టం లేనట్టు భావిస్తారట. పరీక్షగది నాలుగు గంటల బస్సు దారిలో ఉంది. ఉత్తరం మీద తేదీ చూస్తే తొమ్మిది రోజుల కిందటిది. ఇన్నాళ్లూ ఎవరి సొరుగులో నిద్రపోయిందో!

"రెండు రోజులకి ఇంత సంచా అక్కా? కాపురానికి పంపుతున్నట్టు సర్దుతున్నావు" అన్నాడు తమ్ముడు గుమ్మానికి ఆనుకుని. కుడిచెయ్యి కడుపుకి అదిమిపెట్టుకుని నిలబడటం ఐదు నెలలుగా వాడికి అలవాటైపోయింది.

"ఆ భాగ్యం కూడానా! నిన్ను కట్టుకునే పిచ్చిది ఇంకా పుట్టలేదు. ఆ కవరు ఇటియ్యి, నా ఒళ్లో పెట్టుకుంటాను."

"నువ్వెందుకు? రెండు రోజుల కూలి పోతుంది. నేనేమన్నా పసివాడినా?"

"పోతే పోనీ."

సంచి చూస్తేనే అక్కకి గుండె జారుతుంది. నాలుగేళ్ల కిందట ఇదే సంచిలో మూడు రోజులకని మొగుడికి బట్టలు సర్ది ఆస్పత్రికి తీసుకెళ్లింది. పదహారు రోజుల తర్వాత సంచి ఒక్కటే ఇంటికొచ్చింది. దాన్ని ఉతికి అటక మీద పడేసింది గానీ పారేయలేకపోయింది. అప్పటినుంచీ ఎవరు గడప దాటినా ఆవిడకి ఒకటే దిగులు. "వెళ్తున్నా" అని నోరు జారినవాళ్లని వీధి మలుపునుంచైనా వెనక్కి పిలిచి, "వెళ్లొస్తా" అనిపించేదాకా వదలదు. పక్కింటివాళ్లు నవ్వుకుంటారు. నవ్వుకోనీ.

తమ్ముడు లాగుడు ముఠాలో పనివాడు. కాగితం మిల్లులో తయారైన రీళ్లు ఒక్కొక్కటీ ఆరువందల కిలోలు. వాటిని ట్రాలీ మీదికి దొర్లించి, ఏటవాలు సిమెంటు దారి మీద పైనున్న గోడౌనుకి తాడుతో లాగాలి. ఒకప్పుడు అక్కడ మోటారు ఉండేది. అది కాలిపోయి ఆరేళ్లయింది. కొత్త మోటారు కన్నా ఎనిమిదిమంది మనుషులు చౌక అని ఎవరో ఆఫీసులో కూర్చుని తేల్చారు. ఏడుగురు తాడు పట్టుకుంటారు. ఎనిమిదోవాడు ట్రాలీ వెనక నడుస్తూ, అది జారకుండా చక్రాల కింద అడ్డుచెక్క పెడతాడు. ఐదు నెలల కిందట సిమెంటు పెచ్చు లేచిన గుంటలో చక్రం దిగబడి, ట్రాలీ వెనక్కి ఒరిగి, తాడు చేతికి చుట్టుకున్న తమ్ముణ్ణి ఈడ్చుకుపోయింది. ఎముక విరిగి, భుజంలో నరాలు తెగాయని డాక్టరు చెప్పాడు. ఎముక అతుక్కున్నా ఇక బరువు లాగే భుజం కాదది అన్నాడు. వాడి చోట తాడుకి ఇంకొకణ్ణి పెట్టారు.

పనిలో దెబ్బ తిని బరువు లాగలేనివాడికి మిల్లు తేలికపని ఇవ్వాలి. అది రూలు. గోడౌనులో రీళ్ల నంబర్లు రాసుకునే కుర్చీ ఒకటి ఖాళీగా ఉంది. రోజుకి నాలుగువందలు. తాడు దగ్గర వచ్చే ఆరువందల కన్నా తక్కువే, అయినా అన్నం దొరుకుతుంది. అయితే మిల్లుకి డాక్టరు మాట చాలదు. "లాగలేడని లాగించి చూస్తే గదా తెలిసేది" అంది ఆఫీసు. ఆ పరీక్ష కోసమే ఈ ప్రయాణం. లాగలేడని కాగితం వస్తే కుర్చీ. లాగగలడని వస్తే మళ్లీ తాడు. మళ్లీ తాడు పట్టుకుంటే ఆ భుజం ఎన్నాళ్లుంటుందో అక్క ఊహించలేదు, ఊహించకుండానూ ఉండలేదు.

సైరన్ మోగింది. "సాయంత్రం ఆరు గంటల బస్సు. ఎక్కడికీ కదలకు" అని అక్క మళ్లీ మిల్లుకి పరుగెత్తింది.

బస్సులో కవరు ఒళ్లో నిలబెట్టి పట్టుకుని కూర్చుంది. తమ్ముడు కిటికీలోంచి చూస్తూ ఉండుండి అన్నాడు, "అక్కా, గట్టిగా లాగితే నయమైందంటారు. మెల్లగా లాగితే నటిస్తున్నానంటారు. ఎట్లా లాగమంటావు?"

ఈ ప్రశ్నే మధ్యాహ్నంనుంచీ ఆవిడ బుర్ర తొలిచేస్తోంది.

"దాచుకోకు. అబద్ధం మనకి చేతకాదు, వెంటనే దొరికిపోతాం. ఉన్న బలమంతా చూపించు. ఎంత ఉందో వాళ్లకే తెలుస్తుంది. కానీ ఒక్క ఊపులో లాగావంటే ఆ భుజం ఊడి చేతిలోకొస్తుంది. బావ నేర్పినట్టు పద్ధతిగా లాగు. సరేనా?"

"సరే" అన్నాడు తమ్ముడు. బావ పేరెత్తితే వాడు ఎప్పుడూ ఎదురు చెప్పలేదు.

బావ అంటే అక్క మొగుడు. మోటారు ఉన్న రోజులనుంచీ లెక్కేస్తే పదహారేళ్లు ఆ ముఠాకి ముందుమనిషిగా ఉన్నాడు. మోటారు పోయి మనుషులు తాడు పట్టుకున్న మొదటి నెలలోనే, అందరూ ఒక్క ఊపులో గుంజితే తాడు తెగి ట్రాలీ వెనక్కి దొర్లింది. అదృష్టం, వెనక ఎవరూ లేరు. ఆ రాత్రే ఆయన ఈ పద్ధతి పెట్టాడు. కదలని బరువుని ఒకేసారి గుంజకూడదు. మొదటి లాగుడు తాడు బిగియడానికి మాత్రమే. రెండోది చక్రం కదలడానికి. మూడోదానికి అందరూ ఒంట్లో ఉన్నదంతా పోస్తారు. మూడూ కలిస్తేనే ముఠా లెక్కలో ఒక లాగుడు. ఒక్కోదానికి ముందుమనిషి ఒక్కో పిలుపు ఇస్తాడు. ఆయన పోయాక ఆ పిలుపు, ముఠాలో అందరూ 'గొంతు మామ' అనే పెద్దాయనకి దక్కింది. ఆ మనిషి అరిస్తే కటింగ్ హాల్లో మిషన్లమధ్య అక్కతోపాటు పాడైన కాగితాలు ఏరే ఆడవాళ్లకి కూడా వినపడుతుంది. "లే తల్లీ... కదులు తల్లీ... రా తల్లీ!" అని రీలుని బతిమాలినట్టు పిలుస్తాడు. "ఇంట్లో పెళ్లాన్ని ఒక్కసారన్నా ఇంత ముద్దుగా పిలిచావా మామా?" అని కుర్రకారు ఏడిపిస్తే, "మీ అత్త ఆరువందల కిలోలుంటే పిలిచేవాణ్ణే" అంటాడు.

పరీక్షగది చల్లగా, తెల్లగా ఉంది. గోడకి ఇనపపలక, పలకకి గొలుసు, గొలుసు చివర పిడి. పక్కన బల్ల మీద చిన్న పెట్టె, అందులో ఎర్రటి అంకెలు. పరీక్ష చేసే ఆయనకి ముప్పై ఏళ్లుంటాయి. చాలా మర్యాదస్తుడు. "కూర్చోండమ్మా" అని అక్కకి కుర్చీ చూపించాడు. అక్క ఎక్స్‌రే కవరు చాపింది.

"అదక్కర్లేదమ్మా. ఇక్కడ చూసేది ఎముకలు కాదు, బలం."

నాలుగు గంటలు ఒళ్లో మోసుకొచ్చిన కవరు మళ్లీ ఒళ్లోనే పెట్టుకుంది.

"చూడన్నా, పిడి పట్టుకో. చేతనైనంత గట్టిగా మూడుసార్లు లాగాలి. ఒక్కోదానికి మధ్య అర నిమిషం విరామం. పాదాలు ఈ గీత మీదే ఉండాలి. అర్థమైందా?"

"అర్థమైంది సార్." మూడుసార్లు లాగడం కన్నా వాడికి బాగా తెలిసినది ఈ లోకంలో లేదు.

తమ్ముడు ఎడమచేత్తో కుడిచేతిని ఎత్తి పిడి మీద పెట్టి, రెండు చేతులా పట్టుకున్నాడు. పెదవులు కదిలాయి. గొలుసు బిగిసింది. పెట్టెలో పదకొండు కిలోలు అని వెలిగింది. అర నిమిషం ఆగి మళ్లీ లాగాడు. పంతొమ్మిది. నుదుటి మీద చెమట దిగింది. మూడోసారికి అక్క తెలియకుండానే ముందుకి ఒంగింది. "రా తల్లీ" అని ఆవిడ నోట్లోంచి వచ్చేసింది. వాడి మెడ నరాలు ఉబ్బాయి, భుజం వణికింది, గొంతులోంచి సన్నగా ఏదో అరుపు వచ్చింది. ఇరవై ఏడు.

పిడి వదిలేసి తమ్ముడు గోడకి జారగిలబడ్డాడు. అక్కకి లోపల్లోపల గర్వంగా కూడా అనిపించింది. నలభై ఉంటేనే తాడుకి పంపాలని రూలు. ప్రాణం పెట్టినా ఇరవై ఏడు దాటలేదు. నిజం నిజంగానే తేలింది. కుర్చీ వచ్చినట్టే.

ఆయన ఏదో లెక్క వేసి, కాగితం మీద రాసి, దాని మీద ముద్ర వేశాడు. "సంతకం పెట్టన్నా."

అక్క చదువు బడిలో నేర్చింది కాదు. ఏరి పక్కన పడేసిన కాగితం ముక్కల మీద మొగుడు రాసిస్తే దిద్దుకుంది. తర్వాత ఏ కాగితం దొరికితే అది చదువుకుంటూ పోయింది. తమ్ముడి చేతిలోది లాక్కుని చదివింది. ఒక గడిలో మూడు అంకెలు. కింది గడిలో: 'మనస్ఫూర్తిగా ప్రయత్నించలేదు. బలం దాచినట్టు తేలింది. మామూలు విధులకు పంపవచ్చు.'

"ఇదేంటి బాబూ?"

"చూడండమ్మా, నిజంగా బలమంతా పెట్టినవాడి మూడు అంకెలూ దగ్గరదగ్గరగా ఉంటాయి. నటించేవాడికి కిందటిసారి ఎంత నటించాడో గుర్తుండదు. అందుకని అంకెలు చెదురుతాయి. పదిహేను శాతం దాకా తేడా ఒప్పుకుంటాం. ఇక్కడ చూడండి. పదకొండు ఎక్కడ, ఇరవై ఏడు ఎక్కడ?"

"చెదరలేదు బాబూ, పెరిగాయి. మా ముఠా లాగేదే అట్లా. మొదటిది తాడు బిగియడానికి, రెండోది..."

ఆయన ఓపిగ్గా విన్నాడు. మధ్యలో అడ్డం రాలేదు. విన్నాక అన్నాడు, "మీరు చెప్పేది నిజమే అయ్యుండొచ్చమ్మా. కానీ దానికి ఇందులో గడి లేదు."

"మళ్లీ లాగిస్తే?"

"ఆరు నెలల దాకా వీల్లేదు. కావాలంటే రిమార్కులో ఒక మాట రాస్తాను."

రాశాడు. అక్క చదివింది. 'పరీక్ష జరుగుతుండగా అభ్యర్థి అక్క మాట్లాడింది.'

కాగితం ఆవిడ వేళ్లమధ్య ఉంది. ఇరవై రెండేళ్లుగా కాగితాలు ఏరిన వేళ్లవి. మందం చూసి, అంచు నిమిరి చెప్పగలవు. ఆ కాగితం తమ మిల్లుదే.

తిరుగు బస్సులో తమ్ముడు ఎక్స్‌రే కవరు తన ఒళ్లోకి తీసుకుని కూర్చున్నాడు. అక్క కాగితంలోని మూడు అంకెలూ మళ్లీ మళ్లీ చదివింది. పద్ధతిగా లాగమన్నది తనే గదా.

మిల్లు ఆఫీసులో మేనేజరు కాగితం చదివి, బల్ల మీద పెట్టి, దాని మీద పేపరువెయిటు పెట్టాడు.

"ఐదు నెలలు సగం జీతం తిన్నావు. ఇంకా తిందామనుకున్నావు. దొంగ అని నేననడం లేదు, మిషను అంటోంది. సోమవారం తాడు దగ్గరుండు. లేకపోతే పని మానేస్తున్నానని రాసిచ్చి పో."

తమ్ముడు తల వంచుకున్నాడు. వాడితోపాటు వచ్చిన గొంతు మామ ఊరుకోలేదు.

"మిషనుకేం తెలుసు సార్ మా లాగుడు? మా అందరి చేతా లాగించండి. మా అంకెలు కూడా అట్లాగే వస్తాయి. రాకపోతే నా మీసం తీసేస్తాను."

మేనేజరు మామ మీసం వంక చూశాడు. "మంచిమాట చెప్పావు. లాగిద్దాం" అన్నాడు.

అంత తేలిగ్గా ఒప్పుకున్నప్పుడే అనుమానించాల్సింది. ఎవరూ అనుమానించలేదు. ముఠాలో పెద్ద ఉత్సాహం. ఆ ఎర్ర అంకెల పెట్టె శుక్రవారం వ్యానులో వచ్చింది. దాన్ని గోడౌను స్తంభానికి బిగించారు. పరీక్ష చేసే ఆయన అదే తెల్లచొక్కాతో, అదే మర్యాదతో వచ్చాడు. కటింగ్ హాలు తలుపు దగ్గర అక్కతోపాటు పదిమంది ఆడవాళ్లు గుమిగూడారు.

మొదట గొంతు మామ లాగాడు. ఇరవై ఒకటి, ముప్పై ఎనిమిది, యాభై రెండు. ముఠా ఈలలు వేసింది. రెండోవాడు: పద్దెనిమిది, ముప్పై, నలభై తొమ్మిది. మూడోవాడు, నాలుగోవాడు... ఏడుగురూ అంతే. అంకెలు మెట్లెక్కినట్టు ఎక్కాయి. ఏడోవాడు పిడి వదిలేసరికి పరీక్ష చేసే ఆయన కలం ఆగింది. తలెత్తి, తలుపు దగ్గర నిలబడ్డ అక్క వంక చూశాడు. ఆయనకి అర్థమైంది. అర్థమైందని ఆవిడకీ తెలిసింది. తర్వాత ఆయన తల దించుకుని మిగిలిన గళ్లు నింపాడు.

"చూశారా సార్!" అన్నాడు గొంతు మామ మీసం దువ్వుకుంటూ. "వాడు నటించాడంటే మేమందరం నటులమే."

"అదే నేనూ అంటున్నాను" అన్నాడు మేనేజరు.

ఈలలు ఆగిపోయాయి.

"యాభై రెండు కిలోలు లాగగలవాడివి మొదట ఇరవై ఒకటే లాగావు. మిగతాది ఎక్కడ దాచుకున్నావు? ఆరేళ్లుగా ప్రతి రీలుకీ రెండు దొంగలాగుళ్లు లాగి, మూడోసారి పని చేస్తున్నారన్నమాట. ఇంత బలం మిగుల్చుకుంటుంటే తాడుకి ఏడుగురెందుకు? ఐదుగురు చాలు."

"సార్, తాడు..."

"తాడు సంగతి నేను చూసుకుంటాను."

సాయంత్రానికి నోటీసుబోర్డు మీద కాగితం అంటించారు. లాగేటప్పుడు పిలుపు నిషేధం. సూపర్‌వైజరు ఈల వేస్తాడు, ఈల మీద అందరూ మొదటి లాగుడే పూర్తి బలంతో లాగాలి. తాడుకి ఐదుగురు, తమ్ముడితో కలిపి. ముగ్గురిని తీసేశారు. పిలుపుతో పనిలేదు కాబట్టి గొంతు మామని తాడునుంచి తప్పించి, వెనక అడ్డుచెక్క దగ్గర వేశారు.

ఆ రెండు రోజులూ కుళాయి దగ్గర అక్క బిందెకి ఎవరూ చోటివ్వలేదు. పని పోయిన ముగ్గురిలో ఒకడి పెళ్లాం ఆవిడ బిందెని కాలితో పక్కకి తోసింది.

"నీ తమ్ముడికి కుర్చీ కావాలని మా మగాళ్ల పొట్ట కొట్టావు. పద్ధతట పద్ధతి! ఆ గదిలో నోరు మూసుకుని కూర్చుంటే నీ సొమ్మేం పోయింది?"

"నేను వాడి కోసం..."

"అదే అంటున్నా. నీ వాడి కోసమే!"

అక్క వంగి, పడిన బిందె తీసుకుని, నీళ్లు పట్టుకోకుండానే ఇంటికొచ్చింది.

ఆదివారం పొద్దున గొంతు మామ వచ్చాడు. గడప బయటే నిలబడ్డాడు. ఎప్పుడూ నేరుగా వంటింట్లోకొచ్చి "ఏముందమ్మా తినడానికి?" అనే మనిషి.

"లోపలికి రా మామా."

"రాను. ఒక మాట చెప్పి పోదామని వచ్చా. మీసం మీద పందెం కాసింది నేనే. మిమ్మల్ని అననులే. కానీ అమ్మా, నీ మొగుడు పెట్టిన పద్ధతి ఆరేళ్లు మా ప్రాణాలు కాసింది. మేం దాన్ని మనిషి మనిషికి చెప్పుకున్నాం గానీ ఆఫీసుకి ఎప్పుడూ చెప్పలేదు. ఎందుకో తెలుసా? వాళ్లకి తెలిస్తే దానికో లెక్క కడతారని. నువ్వు కాగితాలు చదువుకున్నదానివి, నిజం చెప్తే వింటారనుకున్నావు." మామ తమ్ముడి వైపు తిరిగాడు. "రేపు నువ్వు నా ముందుంటావు. చెయ్యి జారిందా, ట్రాలీ నా మీదికే. గుర్తుపెట్టుకో."

"మామా, నా వల్ల కాదని నీకు తెలుసు" అన్నాడు తమ్ముడు.

"నాకు తెలిస్తే ఏం లాభం!" అని ఆయన వెళ్లిపోయాడు. అక్క అలవాటు చొప్పున "వెళ్లొస్తానను మామా" అని వెనకనుంచి అరిచింది. ఆయన వెనక్కి తిరగలేదు.

సోమవారం ఎనిమిదింటికి ఏటవాలు మొదట్లో ట్రాలీ నిలబడి ఉంది. మీద తెల్లటి రీలు. సూపర్‌వైజరు మెడలో కొత్త ఈల. మేనేజరు గొడుగు కింద నిలబడ్డాడు. తాడు పట్టుకున్న ఐదుగురిలో తమ్ముడు ఆఖరివాడు, ట్రాలీకి దగ్గరగా. ట్రాలీ వెనక మోకాళ్ల మీద కూర్చుని గొంతు మామ. కటింగ్ హాలు తలుపులోంచి చూస్తే ఆయన తెల్లజుట్టు ఒక్కటే కనిపిస్తోంది.

అక్క చేతిలో కాగితాలు ఆగిపోయాయి.

ఈల మోగింది.

నలుగురూ గుంజారు. ట్రాలీ బెత్తెడు కదిలి, మళ్లీ వెనక్కి జారి, అడ్డుచెక్క మీద ధడాలున కూలబడింది. వెనకనుంచి మామ ఏదో అరిచాడు. తమ్ముడు లాగలేదు. తాడు వాడి చేతుల్లో లేదు.

"ఏరా, చెవుడా?" అన్నాడు సూపర్‌వైజరు.

"వినపడింది సార్. నేను లాగను."

"ఏమన్నావు?"

"ఈల మీద లాగను. ఈ చేత్తో అసలే లాగను. వెనక మనిషున్నాడు. నేను పట్టుకుని వదిలేస్తే ఆయన పోతాడు. పట్టుకోకపోతే పని పోతుంది, పోనీ." వాడు గట్టిగా కూడా అనలేదు. ఒంట్లో బాగోలేదని చెప్పినట్టు చెప్పాడు. తర్వాత మిగిలిన నలుగురి వంక చూశాడు. "మీరూ వదిలేయండ్రా" అన్నాడు.

ఎవరూ వదల్లేదు. ఒకడు నేల చూశాడు. ఒకడు అరిచేతులు తుడుచుకున్నాడు. అక్క తలుపు దాటి రెండడుగులు బయటికొచ్చింది. మామ మోకాళ్ల మీదనుంచి లేచి నిలబడతాడనుకుంది. ఆ గొంతుతో ఒక్క మాటంటే చాలు, నలుగురూ తాడు వదిలేస్తారు. మామ లేవలేదు. ఇంట్లో ఇద్దరు కూతుళ్లు, జబ్బు చేసిన పెళ్లాం. ఆయన అడ్డుచెక్క సరిచేసి, మళ్లీ చక్రం కింద పెట్టాడు.

"తీసేసినవాళ్లలో ఒకణ్ణి పిలవండి" అన్నాడు మేనేజరు. గేటు బయట ఆశగా నిలబడి ఉన్న ముగ్గురిలో ఒకడు పరుగున వచ్చి, తమ్ముడి చోట తాడు అందుకున్నాడు. వాడు బిందె తన్నిన ఆవిడ మొగుడే. తమ్ముడి కళ్లలోకి చూడలేదు.

ఈల మోగింది. ట్రాలీ ఎక్కింది. గోడౌను దాకా ఎక్కింది. ఆ రోజు పద్నాలుగు రీళ్లు ఎక్కాయి. ఏమీ కాలేదు. "చూశారా, అనవసరంగా భయపడ్డారు" అన్నాడు మేనేజరు. ఆ మాట నిజమయ్యేసరికి తమ్ముడు నిజంగానే పని దొంగ అని మిల్లంతా అనుకుంది.

తమ్ముడి లెక్క తేల్చి పంపించారు. ఈ ఊళ్లో వాడికి ఇక ఎవరూ పనివ్వరు. 'బలం దాచినట్టు తేలింది' అన్న కాగితం నకలు ప్రతి మిల్లు ఆఫీసుకీ వెళ్తుంది. దూరంగా వేరే ఊళ్లో ఒక కోల్డ్‌స్టోరేజీకి కాపలావాళ్లు కావాలన్నారట. బుధవారం పొద్దున్నే బస్సు.

మంగళవారం సాయంత్రం అక్క సంచి మళ్లీ దించింది. మూడు చొక్కాలు, రెండు ప్యాంట్లు, దుప్పటి, తువ్వాలు, సబ్బు. తీసింది, లెక్క చూసింది, మళ్లీ పెట్టింది. ఎక్స్‌రే కవరు పెట్టలేదు. జిప్పు తేలిగ్గా పడింది.

"పద్ధతిగా లాగమని నేను చెప్పకుండా ఉండాల్సిందిరా."

"నువ్వు చెప్పకపోయినా అట్లాగే లాగేవాణ్ణక్కా. నాకు వేరేలా రాదు." వాడు సంచి ఎడమ భుజానికి తగిలించి బరువు చూసుకున్నాడు. "కానీ నిన్న వాళ్లని వదిలేయమన్నాను చూడు, అప్పుడు మామ లేస్తాడనుకున్నా."

"నేనూ అనుకున్నా."

తెల్లవారి బస్టాండులో ఆవిడ అడక్కముందే వాడు "వెళ్లొస్తా" అన్నాడు. బస్సు మలుపు తిరిగాక కూడా ఆవిడ అక్కడే నిలబడింది. అదే సంచి, అదే బస్టాండు. ఇంటికెళ్లి అటక మీద సంచి ఉండే ఖాళీ చోటు చూడలేక నేరుగా మిల్లుకి పోయింది. దారిలో గొంతు మామ ఎదురయ్యాడు. చేతిలో టిఫిను డబ్బా ఊపుకుంటూ నడుస్తున్నాడు. అక్కని చూసి ఆగాడు.

"పంపించావా?"

"పంపించా మామా."

"మంచిపని చేశావు" అన్నాడు. గేటు దాకా ఇద్దరూ కలిసి నడిచారు. మామ ముందు లోపలికెళ్లాడు. మామ విషయంలో అక్కకి ఏ దిగులూ కలగలేదు. డబ్బాతో పనికెళ్లే మనిషి సాయంత్రానికి వస్తాడు. "వెళ్లొస్తానను" అని ఆవేళా, ఆ తర్వాతి రోజుల్లోనూ ఆయన్ని అడగలేదు.

సంచి తీసుకుని వెళ్లిన తమ్ముడు నలభై రోజులకి సెలవు మీద తిరిగొచ్చాడు.

తాడు తెగింది ఈల పెట్టిన పదకొండో పనిరోజున, తొమ్మిదో రీలు మీద, ఈల మోగగానే. గొంతు మామ తిరిగి రాలేదు. అది శుక్రవారం, పగలు పదకొండున్నర.